పడవకి కాగితాలు, నడిపేవాడికి లాకులు

ఇంగ్లండ్‌లో కారు నడపాలంటే థియరీ పరీక్ష రాయాలి, ప్రాక్టికల్ పాసవ్వాలి, ఆ ప్రాక్టికల్ స్లాటు కోసం నెలల తరబడి కాచుక్కూచోవాలి. 50 అడుగుల పొడవు, దాదాపు 15 టన్నుల బరువున్న ఇనప పడవని కాలవలో తోలుకుపోవడానికి మాత్రం డ్రైవింగ్ లైసెన్సు అక్కర్లేదు. సొంత పడవ, సరదాకి నడుపుకుంటాం అంటే తాళం చెవి చేతిలో పెడతారు, అంతే. అడిగే కాగితాలన్నీ పడవ గురించే. నీకు నడపడం వచ్చా అని ఒక్క ఆఫీసూ నన్ను అడగలేదు. అడిగింది లాకులే. లాకంటే రెండు వైపులా తలుపులున్న గది, నీళ్లు నింపో వదిలో పడవని ఎత్తు మీదికి ఎక్కిస్తుంది, పల్లానికి దించుతుంది.

మాది ఆత్రేయపురం వైపు. లొల్ల లాకుల దగ్గర సినిమా షూటింగులు చూస్తూ పెరిగిన బాపతు. ఉద్యోగం మిల్టన్ కీన్స్‌కి తెచ్చి పడేస్తే, ఇంటికి నడక దూరంలో గ్రాండ్ యూనియన్ కాలవ. సాయంత్రం గట్టు మీద నడుస్తుంటే పొడుగ్గా సన్నగా, పొగగొట్టంతో, నడిచే మనిషి కంటే కాస్త మెల్లగా పడవలు పోతుండేవి. వాటిని నారోబోట్లంటారు. వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలే. 18వ శతాబ్దంలో ఇక్కడ చాలా కాలవల మీద లాకులు 7 అడుగుల వెడల్పుతో కట్టారు, పడవలూ ఆ కొలతకే ఉండిపోయాయి. అప్పట్లో వీటిని గుర్రాలు లాగేవి. మా కాలవల్లో అయితే మనుషులే మోకు భుజాన వేసుకుని గట్టు వెంట లాగేవాళ్లని నాన్న చెప్పేవారు. కొందాం అన్న ఆలోచన నాది. "కొంటే కొనండి కానీ టాయిలెట్ సంగతి ముందు కనుక్కోండి" అన్నది మా ఆవిడ. ఆవిడ మాటలో ఎంత ముందుచూపు ఉందో తర్వాత చెప్తాను.

వెతకడం మొదలుపెట్టాక తెలిసిన మొదటి సంగతి, ఇక్కడ కాలవ పడవకి కారుకున్నట్టు తప్పనిసరి యాజమాన్య రిజిస్టరు లేదు. పడవ పక్కన రాసి ఉండే నంబరు లైసెన్సు కోసం ఇచ్చింది, అది ఎవరి సొత్తో చెప్పదు. కాబట్టి అమ్మే మనిషి దగ్గర బిల్ ఆఫ్ సేల్ కాగితాలు చూడాలి. ఆయనకి ఎవరు అమ్మారు, వాళ్లకి ఎవరు అమ్మారు, అప్పు ఏమైనా మిగిలి ఉందా. మనూళ్లో పొలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు తిరగేసినట్టే. 1998 తర్వాత కట్టిన పడవైతే యూరప్ ప్రమాణాల ప్రకారం కట్టారని చెప్పే కాగితాలు కూడా ఉండాలి. మాకు నచ్చింది అంతకు ముందుది. పాత 50 అడుగుల పడవలకే 35 వేల నుంచి 60 వేల పౌండ్ల దాకా అడుగుతున్నారు. సోఫాలు, రంగులు, ఇత్తడి సామాన్లు చూసి మురిసిపోయి ధర పెంచుకునేవాళ్లే ఎక్కువ. పడవ ధర నిజంగా ఉండేది నీళ్ల కింద.

అందుకే సర్వే. పది శాతం అడ్వాన్సు ఇచ్చి, సర్వే బాగుంటేనే కొంటామని రాయించుకున్నాం. పడవని నీళ్లలోంచి స్లిప్‌వే అనే ఒడ్డు వాలు మీదికి లాగి ప్రెషర్ వాష్ కొట్టారు. సర్వేయరు చిన్న సుత్తితో అడుగంతా తట్టుకుంటూ, అల్ట్రాసౌండ్ మీటరుతో రేకు మందం కొలుచుకుంటూ పోయాడు. మామూలుగా ఇలాంటి పడవకి అడుగు రేకు 10 మిల్లీమీటర్లు, పక్కలు 6, పైన గది గోడలు 4. తుప్పు తినీ తినీ పక్కలు 4 కంటే తగ్గాయంటే చాలామంది ఇన్సూరెన్సువాళ్లు మొహం తిప్పేస్తారు, పైన కొత్త రేకు వెల్డింగ్ చేయించాల్సిందే. మా పడవకి నీటి గీత దగ్గర చిన్న చిన్న గుంటలు పడ్డాయి, అయినా అన్ని చోట్లా 5 దాటింది. ఇనుము బదులు తాము అరిగిపోవడానికి అడుగున మెగ్నీషియం దిమ్మలు తగిలిస్తారు, అవి మాత్రం కరిగి బెల్లం ముక్కల్లా మిగిలాయి. వాటి ఖర్చు ధరలో తగ్గించమని అడిగాను, తగ్గించారు. గీచి గీచి బేరమాడే రక్తం కదా మరి.

ఆ తర్వాత కాగితాల గొలుసు. పడవ పెట్టుకోవడానికి మరీనాలో చోటు కావాలంటే లైసెన్సు చూపించాలి. లైసెన్సు ఇచ్చేది కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్. 2012 నుంచి దాదాపు 2,000 మైళ్ల కాలవలూ నదులూ చూసేది వాళ్లే. లైసెన్సు కావాలంటే బోట్ సేఫ్టీ సర్టిఫికెట్, ఇన్సూరెన్సు, పడవ ఎక్కడ ఉంచుతారో చిరునామా ఇవ్వాలి. పడవ పాతది కాబట్టి ఇన్సూరెన్సుకి సర్వే రిపోర్టు కావాలి. అంటే అన్నిటికంటే ముందు మరీనాలో చోటు మాట్లాడుకుని, పేరు రాయించుకుని, అప్పుడు మిగతావి కదపాలి. చోటు వద్దు, తిరుగుతూనే ఉంటాం అన్నా లైసెన్సు ఇస్తారు. కానీ అప్పుడు ఏ ఒక్కచోటా 14 రోజులకి మించి ఆగకూడదు, నిజంగానే ప్రయాణం చేస్తుండాలి. 2024 ఏప్రిల్ నుంచి అలా తిరిగేవాళ్లకి అదనపు ఫీజు కూడా మొదలైంది. ఉద్యోగం, పిల్లల బడి ఉన్న ఇంటికి అది కుదిరే పని కాదు. ఇంకో మాట, మరీనాల్లో ఎక్కువ చోట్లు సరదా పడవలకే, అక్కడ కాపురం ఉండటానికి ఒప్పుకోరు. అద్దె మిగుల్చుకుందామని పడవ కొనాలనుకునే కుర్రాళ్లు ఇది ముందే అడిగి తెలుసుకోండి.

సేఫ్టీ సర్టిఫికెట్ నాలుగేళ్లకోసారి. పరీక్షలో ఎక్కువ భాగం వంట గ్యాసు గురించే. గ్యాసు గాలి కంటే బరువు. ఇంట్లో లీకైతే తలుపు తీస్తే పోతుంది, పడవలో అడుక్కి దిగి అక్కడే పేరుకుంటుంది. అందుకే సిలిండర్ల అర విడిగా ఉండి, లీకైన గ్యాసు బయటికి పోయే కన్నం ఉండాలి. 2019 ఏప్రిల్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా తప్పనిసరి చేశారు. బొగ్గు కుంపటి పక్కన పడుకునేవాడికి ఆ అలారం విలువ వేరే చెప్పక్కర్లేదు.

కాగితాలయ్యాయి. పడవ ఉన్నది బ్రాన్స్‌టన్‌లో, రావాల్సింది మిల్టన్ కీన్స్‌కి. కారులో గంట పట్టదు. కాలవ మీద గంటకి 4 మైళ్లు మించకూడదు, కట్టేసి ఉన్న పడవల పక్కన ఇంకా తగ్గించాలి. మధ్యలో 21 లాకులు, రెండు సొరంగాలు. ఎవరూ అడగకపోయినా నేను, మా ఆవిడ పడవ నడపడం నేర్పే ఒకరోజు హెల్మ్స్‌మన్ కోర్సు చేశాం. డబ్బు దండగ అన్న స్నేహితులు ఉన్నారు. నా దృష్టిలో మొత్తం ఖర్చులో అన్నిటికంటే పనికొచ్చిన డబ్బు అదే. చుక్కాని పిడి ఎడమకి తోస్తే ముక్కు కుడికి పోతుంది. బ్రేకు లేదు, ఆపాలంటే ఇంజిన్ రివర్స్ వేయాలి. రివర్స్‌లో చుక్కాని మాట వినదు. ఎదురు పడవ వస్తే కుడి వైపు తప్పుకోవాలి. పుట్టింది మొదలు ఎడమ వైపు నడిచిన ప్రాణానికి ఇది ఎక్కడానికి టైం పట్టింది.

బ్రాన్స్‌టన్ దగ్గర 6 లాకులు ఎక్కుడు. మా ఆవిడ విండ్‌లాస్ నడుముకి దోపుకుంది. లాకులోకి నీళ్లు వదిలే షట్టర్లు ఎత్తడానికి వాడే వంకర ఇనప హ్యాండిల్ అది. ఎక్కేటప్పుడు ముందు గోడ పక్కనున్న షట్టర్లే తీయాలి. తొందరపడి తలుపులో ఉన్న షట్టరు ఎత్తితే నీళ్లు నేరుగా పడవ ముక్కు మీదికి దూకుతాయి. ఈ కాలవలో లాకులు 14 అడుగుల వెడల్పు, రెండు నారోబోట్లు పక్కపక్కనే పడతాయి. రిటైరైన జంట ఒకటి వాళ్ల పడవని మా పక్కకి చేర్చింది. నీళ్లూ ఆదా, తలుపులు తోయడానికి ఇంకో రెండు చేతులూ సాయం. తలుపు దూలానికి వీపు ఆనించి, కాళ్లు తన్నిపెట్టి తోయాలి. లోపలా బయటా నీటిమట్టం సమానం అయ్యేదాకా భీముడొచ్చి తోసినా కదలదు. సమానమయ్యాక పదేళ్ల పిల్లైనా తీస్తుంది.

అసలు భయం బక్‌బీ దగ్గర, దిగుడు లాకుల్లో. అవి ఏడు. పక్కనే పాత ఏ5 రోడ్డు, రైలు పట్టాలు, కాస్త అవతల ఎం1 మోటార్‌వే. వాటి మీద బండ్లన్నీ రయ్యిమని పోతుంటే మేము అడుగు అడుగు దిగుతున్నాం. దిగే లాకులో పై తలుపు కింద రాతి గడప ఒకటి ఉంటుంది. లాకు నిండుగా ఉన్నప్పుడు కనపడదు. నీళ్లు దిగేకొద్దీ అది బయటపడుతుంది. పడవ వెనక భాగం ఆ గడప మీద చిక్కుకుంటే, వెనక పైనే ఉండిపోయి ముక్కు కిందికి వంగి, నిమిషాల్లో పడవ మునుగుతుంది. అది ఎక్కడిదాకా ఉందో గోడ మీద తెల్ల గీత గీసి ఉంటుంది, పడవ ఆ గీతకి ముందే ఉండాలి. కోర్సులో చెప్పినప్పుడు తలూపాం. పై నుంచి ఆ గీత చూసినప్పుడు మాత్రం నోరు తడారిపోయింది.

అక్కడ ట్రస్టు తరఫున స్వచ్ఛందంగా పనిచేసే పెద్దాయన ఒకరున్నారు. మా మొహాలు చూడగానే అర్థమైంది కాబోలు, పక్కనే నిలబడ్డారు. ఆయన చెప్పింది చిన్న పద్ధతి. షట్టరు దగ్గరున్న మనిషి చుక్కాని దగ్గరున్న మనిషి వైపే చూస్తుండాలి, నీళ్ల వైపు కాదు. చేయి ఎత్తితే ఏమిటి ఎందుకు అని అడగకుండా షట్టర్లు దించేయాలి, తర్వాత పై షట్టర్లు తీసి నీళ్లు నింపాలి. ఇంజిన్ మోతలో అరుపులు వినపడవు. మా ఇంట్లో ఏమిటి ఎందుకు అని అడగకుండా ఏ పనీ జరగదు. అయినా ఆ ఏడు లాకుల్లోనూ మా ఆవిడ కళ్లు నా చేతి మీదే ఉన్నాయి. కిందికి చేరాక డబ్బాలోంచి పులిహోర తీసి ఆయనకీ పెట్టాం. కరివేపాకు కూడా వదలకుండా తిన్నారు.

వీడన్ దాటాక ఇంజిన్ గుర్రుమంటోంది కానీ పడవ సాగడం లేదు. ప్రొపెల్లర్‌కి ఏదో చుట్టుకుంది. వెనక ఇంజిన్ అరలో ప్రొపెల్లర్ పైన చిన్న మూత ఉంటుంది, దాన్ని తీసి చేయి నీళ్లలో పెట్టి తడిమి కోసి తీయాలి. ముందు ఇంజిన్ ఆపి, తాళం తీసి జేబులో వేసుకున్నాను. ఆ జేబు సంగతి ఎవరికి వాళ్లు ఒట్టేసుకోవాల్సిన నియమం. మార్చి నెల నీళ్లు, మోచేతి దాకా కొంకర్లు పోయింది. నల్ల ప్లాస్టిక్ సంచులు, ఎవరిదో టెంటు గుడ్డ, ఓ గజం తాడు వచ్చాయి. మూత మళ్లీ గట్టిగా బిగించి, రెండోసారి చూసి, మా ఆవిడ చేత మూడోసారి చూపించాను. అది సరిగ్గా బిగించకుండా ఇంజిన్ వేస్తే ప్రొపెల్లర్ చిమ్మే నీళ్లతో అర నిండిపోతుంది.

బ్లిస్‌వర్త్ సొరంగం 1805లో తెరిచారు, పొడవు 2.8 కిలోమీటర్లు. గుర్రాలు వెళ్లలేవు కాబట్టి ఆ రోజుల్లో మనుషులు పలకల మీద వెల్లకిలా పడుకుని గోడల మీద కాళ్లతో నడుస్తూ పడవని దాటించేవాళ్లట. మాకు ఇంజిన్ ఉంది, దీపం ఉంది, గాలి గొట్టాల కింద నెత్తిన పడే నీళ్లకి రెయిన్‌కోటు ఉంది. ఎదురుగా ఇంకో పడవ దీపం కనిపించినప్పుడు అది ఎంత దూరంలో ఉందో బొత్తిగా తెలియదు. నడకంత వేగానికి దించి, గోడ వైపు ఒదిగి, ఊపిరి బిగబట్టి వెళ్లాం. అవతలివాళ్లు చేతిలో టీ కప్పుతో గుడ్ మార్నింగ్ చెప్పారు. స్టోక్ బ్రూర్న్ దగ్గర ఇంకో ఏడు లాకులు దిగాం, అప్పటికి చేతులకి అలవాటైపోయింది. కాస్‌గ్రోవ్‌లో చివరిది. తర్వాత 1811 నాటి ఇనప తొట్టి వంతెన. కింద గ్రేట్ ఊజ్ నది, పైన తొట్టిలో కాలవ, కాలవలో మేము. ఆ వీడియో ఆత్రేయపురం పంపిస్తే అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఒరేయ్, స్వెట్టర్ ఏదిరా?"

ఇక టాయిలెట్. మా పడవలో ఉన్నది క్యాసెట్ రకం. సూట్‌కేసులాంటి డబ్బా నిండగానే దాన్ని మోసుకెళ్లి, కాలవ ఒడ్డున అందుకే కట్టిన చోట పారబోసి కడుక్కురావాలి. పడవ గురించి ఎవరితో మాట్లాడినా పావుగంటలో మాట అక్కడికే వస్తుంది. నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు, ఈ డబ్బా. ఈ మూడు ఎప్పుడు నిండుతాయో, ఎప్పుడు ఖాళీ అవుతాయో తెలిస్తే వారాంతం బాగుంటుంది. చలికాలంలో పైపుల్లో నీళ్లు వదిలేయాలి, లేకపోతే గడ్డకట్టి పగులుతాయి. గ్యాసు కూడా బ్యూటేన్ కాకుండా ప్రొపేన్ వాడాలి, సున్నా డిగ్రీల దగ్గర బ్యూటేన్ సిలిండర్‌లోంచి రాదు. ఆ నెలల్లో ట్రస్టు మరమ్మతులకి కొన్ని లాకులు మూసేస్తుంది, జాబితా చూడకుండా బయల్దేరితే మధ్యలో ఇరుక్కుంటాం.

ఖర్చు అడిగేవాళ్ల కోసం: లైసెన్సు పడవ పొడవుని బట్టి, మా సైజుకి ఏడాదికి వెయ్యి పౌండ్లు దాటుతుంది. మరీనా అద్దె దానికంటే ఎక్కువ. డీజిల్, బొగ్గు, గ్యాసు మీరు ఎంత తిరిగితే అంత. రెండు మూడేళ్లకోసారి పడవని పైకి తీసి అడుగున తారు వేయించాలి. మా పడవకి ఈ ఏడాది వేయించాలి. యార్డువాళ్లు జూన్ రెండో వారం తప్ప స్లిప్‌వే ఖాళీ లేదన్నారు. అమ్మ టికెట్ జూన్ మొదటి వారానికి బుక్ చేశాను, ఆవిడ ఉండేది మూడు వారాలే. సోమవారం యార్డుకి ఫోన్ చేసి తేదీ మార్చమని అడగాలి.