నవంబర్ 1: పండుగ ఒకటే, జ్ఞాపకాలు మూడు

మా బడిలో నవంబర్ 1 అంటే నల్లబల్లపై రంగు సుద్దలతో ‘రాష్ట్రావతరణ దినోత్సవం’ అని రాసి, పొట్టి శ్రీరాములు పటానికి బంతిపూల దండ వేయడమే. ఆయన 1952 డిసెంబరు 15న ప్రాణాలు విడిచింది మద్రాసు నుంచి విడివడే ఆంధ్ర రాష్ట్రం కోసమని, ఆ రాష్ట్రం 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఏర్పడిందని, నవంబర్ 1 అందుకు మూడేళ్ల తరువాత వచ్చిన వేరే తేదీ అని ఎవరూ విడమరచి చెప్పలేదు.

1956లో ఆ రోజున ఆంధ్రలోని 11 జిల్లాలు, హైదరాబాద్ రాష్ట్రంలోని 9 తెలంగాణ జిల్లాలు కలిసి ఆంధ్రప్రదేశ్ అయ్యాయి. నీలం సంజీవరెడ్డి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. అదే రోజున మరాఠ్వాడా బొంబాయికి, కన్నడ జిల్లాలు మైసూరుకు వెళ్లి, హైదరాబాద్ రాష్ట్రం పటం మీద నుంచి చెరిగిపోయింది. దాని ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు కొద్దిరోజులకే కేరళకు గవర్నరుగా వెళ్లారు. విలీనానికి ముందు, ఫిబ్రవరి 20న తెలంగాణకు రక్షణలు కల్పిస్తామంటూ ఇరుప్రాంతాల నాయకుల మధ్య కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం అమలు కాలేదన్న ఆవేదనతో తెలంగాణవాదులు తరువాతి కాలంలో ఈ తేదీని విద్రోహ దినంగా పాటించారు.

నన్ను ఎక్కువగా కలచివేసేది మాత్రం సరిగ్గా పదేళ్ల తరువాతి నవంబర్ 1. ఐదో ఉక్కు కర్మాగారం విశాఖపట్నానికే రావాలని టి. అమృతరావు 1966 అక్టోబర్ 15న నిరాహారదీక్షకు కూర్చున్నారు. ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ అన్న నినాదం అప్పటికే వీధివీధికీ పాకింది. రాష్ట్రానికి పదేళ్లు నిండిన నాడే విశాఖలో పోలీసులు కాల్పులు జరిపారు, పిల్లలూ విద్యార్థులూ నేలకొరిగారు. మొత్తం ఉద్యమంలో 32 మంది బలయ్యారని చెప్పుకుంటారు. మా పాఠ్యపుస్తకంలో మాత్రం ఈ తేదీ పక్కన రాష్ట్రావతరణ సంగతి ఒక్కటే ఉండేది.

అమృతరావు నవంబర్ 3న దీక్ష విరమించారు. విశాఖలో కర్మాగారం పెడతామని ఇందిరాగాంధీ ప్రకటించడానికి 1970 ఏప్రిల్ దాకా పట్టింది, శంకుస్థాపన 1971 జనవరి 20న జరిగింది. 2014 విభజన తరువాత కొన్నేళ్లు ఆగిన అవతరణ వేడుకలు ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఇదే తేదీన మళ్లీ మొదలయ్యాయి.