మరునాటి రెండు దేనారములు

వైద్య మిషను యాత్రకు విదేశాలకు బయలుదేరే బృందాన్ని ప్రార్థించి పంపే ఆదివారం నాడు మన సంఘాల్లో తప్పక చదివే భాగం లూకా సువార్త 10వ అధ్యాయంలోని మంచి సమరయుని ఉపమానం. అయితే చదివేవారు చాలాసార్లు 34వ వచనం దగ్గరే ఆగిపోతారు. దొంగలు కొట్టి దారిలో పడేసిన బాటసారికి సమరయుడు నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించుకున్నాడు అనగానే సంఘమంతా ఆమేన్ అంటుంది. ప్రభువు మాత్రం కథను అక్కడ ముగించలేదు గనుక, 35వ వచనాన్ని అలా విడిచిపెట్టడం నాకు ఎంతో బాధ కలిగిస్తుంది.

మరునాడు ఆ సమరయుడు రెండు దేనారములు తీసి పూటకూళ్లవాని, అంటే సత్రం నడిపేవాని, చేతికిచ్చాడు. ద్రాక్షతోట పనివారి ఉపమానంలో దేనారము ఒక దినకూలి గనుక, ఇది రెండు రోజుల కష్టార్జితం. అతనికి తన ప్రయాణం ఉంది, వెళ్లక తప్పదు. ఆ వెళ్లడాన్ని ప్రభువు తప్పు పట్టలేదు. కానీ వెళ్లేముందు ఆ గాయపడినవాణ్ణి అక్కడే నివసించే ఒక మనిషికి అప్పగించి, ఇంకేమైనా ఖర్చయితే మరల వచ్చినప్పుడు తీరుస్తానని మాట ఇచ్చి, లెక్కను తన పేరు మీదే ఉంచుకున్నాడు. ఇక ఆ పూటకూళ్లవాణ్ణి గురించి ప్రసంగం చేసినవారిని నేను చూడలేదు. సమరయుడు దాటిపోయిన తరువాత ఆ కట్లు విప్పి మళ్లీ కట్టినవాడు, గంజి తాగించినవాడు, గాయం మానేదాకా రాత్రులు లేచి చూసినవాడు అతడే కదా!

మహబూబ్‌నగర్ జిల్లాలో నర్సుగా పనిచేసిన నేను ఒక బృందంతో ఉగాండా వెళ్లినప్పుడు ఈ వచనం నాకు కొత్తగా తెరుచుకుంది. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు హైదరాబాదు నారాయణగూడలోని ఐ.పి.ఎం. (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోవడం మొదలుకొని అన్నీ శ్రద్ధగానే జరిగాయి. అక్కడ ఒక గ్రామంలో బీపీ బాగా ఎక్కువగా ఉన్న ఒక వృద్ధురాలికి నెలకు సరిపడా మాత్రలు ఇస్తే, ఆ తల్లి వాటిని కొంగులో కట్టుకుంటూ, ఇవి అయిపోయాక ఏం చేయాలని దుబాసీ ద్వారా అడిగింది. బీపీ పుండులాగా మానిపోయేది కాదు, మాత్రలు ఆగితే మళ్లీ పెరుగుతుంది. మా బృందంలో ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. మా పక్కనే కూర్చున్న స్థానిక ఆరోగ్య కేంద్రం నర్సమ్మ ఆమె పేరు తన పుస్తకంలో రాసుకుని, మాత్రలకు డబ్బు అందితే ప్రతి నెలా తానే ఇస్తానని చెప్పింది. ఆ ఊరి పూటకూళ్లవాడు ఎవరో నాకప్పుడు అర్థమైంది.

ఈ సంగతి మన ప్రాంతానికి ఎవరూ నేర్పనక్కరలేదు. నల్గొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడు నీళ్లతో ఎముకలు వంగిపోయినవారికి శిబిరాల్లో నొప్పి మాత్రలు ఇచ్చి వెళ్లినంత మాత్రాన, తాగే నీరు మారనంత కాలం ఏమీ మారదని మనం కళ్లారా చూశాం. మన బృందాలు ఇప్పుడు విమానం ఎక్కే శంషాబాద్‌లోనే, 1907లో ఈ దేశానికి వచ్చిన మెనొనైట్ బ్రదరెన్ మిషను వైద్యురాలు కాథరీనా షెల్లెన్‌బర్గ్ సేవచేసి, 1945లో అక్కడే కన్నుమూశారు. అందరూ ఆమెలాగా జీవితమంతా అక్కడే ఉండిపోవాలని నేను అనడం లేదు. ఉండలేనివారికే ప్రభువు ఆ రెండు దేనారముల మార్గం చూపించాడు.

కాబట్టి యౌవనస్థులారా, సంఘపెద్దలారా, ప్రేమతోనే గద్దిస్తున్నాను. ఇళ్లలో మిగిలిన మాత్రలను, గడువు దగ్గరపడిన మందులను పోగుచేసి దేవుని పేరిట మోసుకుపోకండి. దానంగా ఇచ్చే మందులకు ఆ దేశం చేరేనాటికి కనీసం ఒక సంవత్సరం గడువు మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఇక్కడ డాక్టరైనంత మాత్రాన అక్కడ చేయి పట్టి నాడి చూసే అధికారం రాదు, ఆ దేశపు వైద్య మండలి అనుమతి తీసుకోండి. జబ్బుపడిన పిల్లలను ఎత్తుకుని ఫోటోలు దిగి సంఘపు గ్రూపుల్లో పెట్టడం మానండి, ఆ పిల్లల తల్లిని మీరు అడగనైనా అడగలేదు. టికెట్లు కొనకముందే ఆ ఊళ్లో ఉండే నర్సమ్మకో కాంపౌండరుకో ఫోను చేసి ఏ మందులు కావాలో, ఎవరికి ఏడాది పొడుగునా మాత్రలు అవసరమో అడిగి రాసుకోండి. తిరిగివచ్చాక సాక్ష్యాల కూటం పెట్టే రోజునే ఆ మాత్రల ఖర్చుకు కానుక పట్టి, వచ్చే నెల నుంచే పంపడం మొదలుపెట్టండి.