స్కిన్ డాక్టర్ బీపీ చూశారు

"చొక్కా చెయ్యి పైకి మడవండి, బీపీ చూద్దాం" అన్నారు స్కిన్ డాక్టర్ గారు. బాబాయ్ నా వైపు చూశాడు, సోరియాసిస్ అనే చర్మం జబ్బుతో మోచేతి మీద వచ్చిన ఆ తెల్ల పొలుసులు ఎవరికీ కనపడకూడదని మే నెలలో కూడా ఫుల్ హ్యాండ్సే వేసుకునే మనిషి.

బీపీ కాస్త ఎక్కువే ఉంది. నడుం చుట్టూ టేపు పెట్టి కొలిచారు, పరగడుపున షుగరు, కొలెస్ట్రాల్ టెస్టులు రాశారు. "నాది చర్మం జబ్బు కదమ్మా, ఇవన్నీ ఎందుకు?" అన్నాడు బాబాయ్.

ఆవిడ ఎంత ఓపిగ్గా చెప్పారో! సోరియాసిస్‌లో లోపల ఉండే వాపు చర్మం దగ్గరే ఆగిపోదట, రక్తనాళాల గోడల్ని కూడా దెబ్బతీస్తుందట, దాంతో అక్కడ కొవ్వు పేరుకోవడం తొందరగా మొదలవుతుందట. ఇంటికొచ్చి చదివితే, బ్రిటన్ పేషెంట్ల రికార్డులతో 2006లో వచ్చిన స్టడీలోనే ఉంది, జబ్బు తీవ్రంగా ఉంటే చిన్న వయసు వాళ్ళకి కూడా గుండెపోటు రిస్క్ పెరుగుతుందని. 2018 అమెరికా కొలెస్ట్రాల్ గైడ్‌లైన్స్‌లోనూ రిస్క్ పెంచే వాటిలో సోరియాసిస్ పేరుంది.

మన దగ్గరేమో అంటుకుంటుందని తువ్వాలు వేరే పెడతారు (అంటుకోదు, అస్సలు అంటుకోదు), వంకాయ తినొద్దంటారు, బీపీ చూపించుకున్నావా అని మాత్రం ఒక్కరూ అడగరు. నాకు నిజంగా బాధేసింది.

మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే బీపీ, షుగరు, లిపిడ్ ప్రొఫైల్ (అదే, కొలెస్ట్రాల్ టెస్టు) చేయించండి, సిగరెట్ అలవాటుంటే ఎలాగైనా మాన్పించండి ప్లీజ్.