గోమేధికం అనుకున్న రాయి సైడరైట్ అని తేలేదాకా

శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించుకొచ్చిన దగ్గర్నుంచి మా మేనత్తకు గోమేధికం ఉంగరం పెట్టుకోవాలని ఒకటే పట్టు. రాయి కొనక్కర్లేదు. బావ బ్రెజిల్‌లో ఉద్యోగం చేసి వస్తూ తెచ్చిన పొట్లంలో తేనెరంగు రాయి ఒకటుంది, సానపట్టిందే. చేయించే పని నా మీద పడింది.

తిరుపతి గాంధీ రోడ్డు పక్క సందులో మాకు ఎప్పటినుంచో పనిచేసే ఆచారిగారు రాయిని లూప్ (నగల పనివాళ్ల చిన్న భూతద్దం) కింద పెట్టి, "ఇది గోమేధికం కాదు సార్, మీరే చూడండి" అన్నారు. పైముఖంలోంచి చూస్తే అడుగున సానపట్టిన ముఖాలు కలిసే గీత ఒక్కోటి రెండేసిగా కనిపించింది. కొంచెం తిప్పితే ఆ రెండూ దగ్గరై మళ్లీ విడిపోయాయి. గోమేధికం గార్నెట్ జాతి, దాంట్లో వెలుగు ఇలా రెండుగా చీలదు. జిర్కాన్ అనే వేరే రత్నం అయ్యుంటుందని ఆయన అనుమానం.

జియాలజీ చదివిన మిత్రుడొకడు ఆ అనుమానం తూకంతోనే తీర్చేశాడు. రాయి గాలిలో 2.18 క్యారెట్లు. సన్నని దారంతో నీళ్లలో వేలాడదీస్తే 1.63. తగ్గింది 0.55, దాంతో గాలిలో బరువును భాగిస్తే 3.96, అంటే అంతే పరిమాణం నీళ్లకంటే రాయి అన్ని రెట్లు బరువు. గోమేధికానికి 3.65 చిల్లర రావాలి, మామూలు జిర్కాన్‌కైతే 4.6 దాకా పోవాలి. "సైడరైట్‌లా ఉందిరా, ఇనుప కార్బొనేట్" అన్నాడు. యాసిడ్ చుక్క వేసి చూద్దామా అన్నాను. సానపట్టిన రాయి మీద ఆ పని చేస్తారా అని కోప్పడ్డాడు. పైగా సున్నపురాయిలా ఇది చల్లని యాసిడ్‌లో వెంటనే బుసబుసా పొంగదట, వేడి చేస్తేనే బాగా పొంగేది.

ఇంక ఊహలెందుకని చెన్నైలో ఒక ల్యాబ్‌కు ఇచ్చాం. రాయిలో వెలుగు ఎంత వంగుతుందో చెప్పే అంకెలు, అంటే వక్రీభవన గుణకాలు, సైడరైట్‌కు రెండు: 1.633, 1.875. వాటిని కొలిచే మామూలు రిఫ్రాక్టోమీటర్ 1.81 దాటి చదవలేదు కాబట్టి ఒక గుణకం తాలూకు నీడ అంచే స్కేలు మీద కనబడుతుంది, రెండోది బయటికి పోతుంది. రెంటి మధ్య అంత తేడా ఉండబట్టే ఆ జంట గీతలు. లేజర్ వెలుగుతో ఖనిజాన్ని గుర్తుపట్టే రామన్ పరీక్షలోనూ సైడరైట్ అనే తేలింది.

స్వచ్ఛమైన సైడరైట్ బరువులో దాదాపు 48 శాతం ఇనుమే. చాలాచోట్ల దాన్ని ఇనుప ఖనిజంగానే తవ్వారు. వెలుగు దూరేంత తేటగా దొరకడం అరుదు. బ్రెజిల్‌లో మోరో వెల్యో గని, పోర్చుగల్‌లో పనష్కైరా గని అలాంటి స్ఫటికాలకు పేరుబడ్డవి. ఇలాంటివి కొనేది సేకరించేవాళ్లే, నగల అంగళ్లలో అడిగేవాళ్లుండరు.

రంగు చూస్తే మాత్రం, నిజం చెప్పాలంటే, చాలా గోమేధికాలకంటే ఇదే బాగుంది. కానీ ఉంగరానికి పనికిరాదు. పదికి లెక్కేసే మోస్ కొలతలో దీని కాఠిన్యం నాలుగు దగ్గర, గోమేధికానికి ఏడు పైనే. మన వీధి దుమ్ములో ఉండే ఇసుకరేణువు కాఠిన్యం కూడా ఏడే, గుడ్డతో గట్టిగా తుడిచినా గీతలు పడతాయి. ఇంకో బాధ, మూడు దిశల్లో నున్నగా చీలిపోయే గుణం. రాయిని పట్టి ఉంచే లోహపు గోళ్లతో బిగించేటప్పుడు ఒత్తిడి ఒకవైపు ఎక్కువైతే చాలు. టంకం వేడి తగిలితే కార్బన్ డయాక్సైడ్ వదిలి నల్లబడుతుంది, అయస్కాంతానికి కూడా అంటుకుంటుంది!

"రాయికి ఇన్ని జబ్బులేందిరా" అంది అత్త. పారేయడానికి మాత్రం ఒప్పుకోలేదు.

చివరికి లాకెట్ అనుకున్నాం. ఆచారిగారు టంకం పనంతా ముందే ముగించి, మెరుగు పెట్టి, యాసిడ్ కడుగుడు కూడా అయ్యాక చివర్లో రాయి కూర్చోబెట్టారు. గోళ్లు లేవు, చుట్టూ పల్చని బంగారు అంచు. దాన్ని కొంచెం కొంచెంగా, ఒకసారి ఇటు ఒకసారి అటు, చేత్తోనే ఒత్తుతూ వచ్చారు. మజూరీ మామూలు లాకెట్ కంటే ఎక్కువే అడిగారు, బేరమాడలేదు. అల్ట్రాసోనిక్ మెషిన్‌లో వేయించొద్దని, ఆవిరి పట్టించొద్దని, మెత్తటి తడిగుడ్డతో అద్దితే చాలని చెప్పి పంపారు. రాహువు ఉంగరానికి వేరే గోమేధికం కొన్నాం, ఈసారి బిల్లుతో పాటు సర్టిఫికెట్ కూడా తీసుకుని.