సృజనాత్మకతకు మార్కులు వేసేది ఎవరు?

సృజనాత్మకతకూ సంస్కృతికీ ఉన్న సంబంధం మీద పరిశోధన చేయాలనుకునేవాళ్ళు ముందుగా అడిగేది ఏ పరీక్ష వాడాలని. ఆ ఎంపిక పెద్ద కష్టమేమీ కాదు. 1950లో అమెరికా మనస్తత్వవేత్త గిల్ఫర్డ్ ప్రసంగంతో ఈ రంగం ఊపందుకుంది, 1966లో టోరెన్స్ సృజనాత్మకత పరీక్షలు అచ్చయ్యాయి, ఆ తర్వాత కొలతలకు కొదవ లేదు. కెరీర్ నిలబడేదీ కూలేదీ ఇంకో ప్రశ్న దగ్గర: వచ్చిన జవాబులకు మార్కులు ఎవరు వేస్తారు, దేనితో పోల్చి వేస్తారు?

అందరికీ తెలిసిన ఇటుక పరీక్షనే తీసుకుందాం. ఇటుకతో ఏమేం చేయొచ్చో రెండు మూడు నిమిషాల్లో తోచినన్ని రాయాలి. ఎన్ని రాశారో చూస్తే ఫ్లుయెన్సీ, ఎన్ని రకాలుగా ఆలోచించారో చూస్తే ఫ్లెక్సిబిలిటీ, ఎంత అరుదైనవి రాశారో చూస్తే ఒరిజినాలిటీ. పేచీ అంతా ఈ మూడోదానితోనే. ఒక దేశం నుంచి 300 మంది, ఇంకో దేశం నుంచి 60 మంది రాశారనుకోండి. రెండో గుంపులో ముగ్గురు ‘పొడి చేసి రంగుగా వాడతాం’ అన్నారు, మొదటి గుంపులో ఆ మాట ఎవరూ అనలేదు. సొంత గుంపులో అది 5 శాతం, అంత అరుదేమీ కాదు. అందరినీ కలిపి లెక్కేస్తే 360లో 3, అంటే ఒక శాతంలోపే. ఒక శాతంలోపు వచ్చినదాన్ని అరుదుగా లెక్కించే పద్ధతి పెట్టుకుంటే, చిన్న గుంపువాళ్ళ మామూలు జవాబు కూడా అపురూపమైపోతుంది. వ్యాసంలో మాత్రం అది ‘సాంస్కృతిక తేడా’గా అచ్చవుతుంది!

అందుకే రెండు గుంపుల్లో మనుషుల సంఖ్య సమానంగా ఉండాలి, అరుదుదనాన్ని ఏ గుంపుకు ఆ గుంపులోనే లెక్కించాలి. పైగా ఎక్కువ రాసినవాళ్ళకు అరుదైనవి కూడా ఎక్కువే తగులుతాయి కాబట్టి ఒరిజినాలిటీ మార్కు ఫ్లుయెన్సీకి నీడలా తయారవుతుంది. దీనికి మంచి విరుగుడు ఉంది. ‘మీ జవాబుల్లో మేలైన రెండు ఎంచండి’ అని రాసినవాళ్ళనే అడిగి, ఆ రెండింటికే నిర్ణేతలచేత మార్కులు వేయించడం.

నిర్ణేతల పద్ధతిని పక్కాగా రూపొందించింది మనస్తత్వవేత్త టెరీసా అమాబిలే, 1982లో. బొమ్మలు, కథలు, కొలాజ్‌లు (కాగితం ముక్కలు అతికించి చేసే చిత్రాలు) ఇలా ఏదో ఒకటి చేయించి, ఆ రంగం తెలిసినవాళ్ళకు చూపిస్తారు. నిర్ణేతలు ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. ప్రతి ఒక్కరికీ వేరే వరుసలో చూపించాలి. సృజనకు వేరుగా, పనితనానికి వేరుగా మార్కులు వేయించాలి. లేకపోతే నీటుగా ఉన్నదల్లా సృజనాత్మకమైపోతుంది. ఐదారుగురికి తగ్గకుండా పెట్టుకుని, వాళ్ళ మార్కులు ఎంతవరకు కలిశాయో చెప్పే సూచిక (పూర్తిగా కలిస్తే 1) 0.7 దాటిందో లేదో చూడాలి. రెండు సంస్కృతులను పోల్చేటప్పుడు రెండు వైపుల నిర్ణేతలూ అన్ని పనులనూ చూడాలి. నియు, స్టెర్న్‌బర్గ్ అనే పరిశోధకులు 2001లో అమెరికా, చైనా విద్యార్థుల కొలాజ్‌లనూ బొమ్మలనూ అలాగే రెండు దేశాల నిర్ణేతలకూ చూపించారు. రెండు వైపులవాళ్ళూ అమెరికా విద్యార్థుల పనులకే ఎక్కువ మార్కులు వేశారు. నిర్ణేతలు ఒక వైపువాళ్ళే అయ్యుంటే ఆ ఫలితం నమ్మదగ్గదో కాదో చెప్పడానికి దారే ఉండేది కాదు.

ఇంత చేసినా పరీక్షలకు చిక్కని సృజన చాలా ఉంది. మనస్తత్వవేత్త వ్లాద్ గ్లవేనూ రొమేనియాలో ఈస్టర్ గుడ్ల మీద బొమ్మలు వేసేవాళ్ళను దగ్గరుండి పరిశీలించాడు. అక్కడ నమూనాలు తరాలుగా వస్తున్నవే. కొత్తదనం ఉండేది గీతలో, రంగుల కలయికలో, పాత నమూనాను ఈ గుడ్డుకు కుదిర్చే తీరులో. అరుదైన జవాబుకే విలువిచ్చే లెక్క ఈ పనికి సున్నా వేస్తుంది. చేతిపనులవాళ్ళ దగ్గర కూర్చుని చూసి రాసుకోవడం ప్రతి పరిశోధకుడూ పీహెచ్‌డీలోనే నేర్చుకోవాలని నా గట్టి నమ్మకం. గణాంకాలు తర్వాతైనా పట్టుబడతాయి, ఈ చూపు ఆలస్యం చేస్తే రాదు.

ప్రశ్నావళుల విషయానికొస్తే, అనువదించి, ఇంకొకరిచేత వెనక్కి అనువదింపజేసి సరిచూడడం కనీస ధర్మం. అక్కడితో ఆగిపోతారు చాలామంది. పది పదిహేనుమందిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రతి ప్రశ్ననూ ఎలా అర్థం చేసుకున్నారో చెప్పించుకోవాలి. ‘కొత్తగా ఆలోచించండి’ అని సూచనలో ఉంటే అన్నిచోట్లా ఉండాలి, ఆ ఒక్క వాక్యమే మార్కులను మార్చేస్తుంది. తర్వాత మెజర్‌మెంట్ ఇన్వేరియన్స్, అంటే ప్రశ్నావళి రెండు చోట్లా ఒకే విషయాన్ని ఒకే తీరులో కొలుస్తోందా అన్నది, చూడాలి. అందులో స్కేలార్ స్థాయి (ఒకే మార్కుకు రెండు చోట్లా ఒకే అర్థం ఉండడం) కుదరకపోతే సగటులు పోల్చకూడదు. ఇక్కడే పత్రికల నుంచి వ్యాసాలు తిరిగొస్తాయి, అది న్యాయమే.

కెరీర్ మొదట్లో ఇరవై దేశాల డేటా మీద ఆశపడొద్దు. రెండు చోట్లు చాలు, కానీ అక్కడి భాష, బడులు, పనివాళ్ళు తెలియాలి. రెండు దేశాల మధ్య తేడా కనబడితే దానికి కారణం సంస్కృతే కానక్కర్లేదు. చదువు, ఆదాయం, పరీక్షలు రాసే అలవాటు, ఏదైనా కావచ్చు. అందుకని మీరు కారణమనుకునేదాన్ని కూడా అదే మనుషుల దగ్గర కొలవాలి. విదేశాల్లో నివసించినవాళ్ళు డంకర్ కొవ్వొత్తి చిక్కును (కొవ్వొత్తి, అగ్గిపెట్టె, పిన్నుల డబ్బా ఇచ్చి కొవ్వొత్తిని గోడకు నిలబెట్టమనే పజిల్) ఎక్కువగా విప్పారని మాడక్స్, గలిన్‌స్కీ అనే పరిశోధకులు 2009లో చూపారు. వెళ్ళడానికి ముందే వాళ్ళు అలాంటివాళ్ళా అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మాత్రం వెళ్ళకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి కొలవాలి. అలాంటి పనికి ఏళ్ళు పడుతుంది. కాబట్టి దాంతోపాటు త్వరగా తేలే చిన్న అధ్యయనం ఒకటి నడుపుకోవాలి, లేదంటే ఉద్యోగ సమీక్ష నాటికి చేతిలో ఏమీ ఉండదు.

రెండో దేశంలోని సహపరిశోధకులను డేటా పోగుచేసేవాళ్ళుగా చూడకండి. ప్రశ్న రాసే రోజునుంచే కలుపుకుని, వ్యాసంలో రచయితల పేర్ల వరుసను మొదట్లోనే కాగితం మీద పెట్టండి. ఎథిక్స్ అనుమతి రెండు చోట్లా విడివిడిగా తీసుకోవాలి, దానికి నెలలు పడతాయి. మార్కులతోపాటు ముడి జవాబులను మూలభాషలోనే దాచండి. ఇప్పుడు కంప్యూటర్‌చేత ఒరిజినాలిటీ మార్కులు వేయించడం పెరిగింది, అయితే ఆ పద్ధతులు ఎక్కువగా ఇంగ్లీషు మీద సరిచూసినవి. మరో భాషలో వాడేముందు కొన్ని వందల జవాబులకు మనుషులచేత మార్కులు వేయించి, రెండూ ఎంతవరకు కలుస్తున్నాయో చూసుకోవాలి.