డచ్చి దొర బొమ్మకు తడిగుడ్డ వద్దు

పాలకొల్లులో ఒకప్పుడు డచ్చివాళ్ల వర్తక స్థావరం ఉండేది. అందుకే నల్లకోటు, తెల్లటి కుచ్చుల కాలరు ఉన్న దొర చిత్తరువు నా ఫ్రేముల షాపుకొస్తే, "ఇది ఆ కాలందేనండీ" అంటారు. కావచ్చు. కానీ ఊరి చరిత్ర బొమ్మకు సాక్ష్యం కాదు.

నేను మొదట బొమ్మ వెనకవైపు చూస్తాను. 17వ శతాబ్దపు డచ్చి చిత్తరువులు ఎక్కువగా ఓక్ చెక్క మీదో, నారబట్ట మీదో వేసినవి. ఓక్ అయితే, చెక్కలోని వలయాలను బట్టి ఆ చెట్టు ఏ ఏడు దాకా బతికే ఉందో నిపుణులు చెప్పగలరు. చీకటి గదిలో అతినీలలోహిత లైటు వేస్తే పాత వార్నిష్ ఆకుపచ్చగా మెరుస్తుంది. తర్వాత దిద్దిన రంగు నల్ల మచ్చలుగా తేలుతుంది. అసలు రంగులోనే టైటానియం తెలుపు ఉంటే అది 20వ శతాబ్దంలోనో, ఆ తర్వాతో చేసిన పనే. సంతకం ఒక్కటే చూసి ధర చెప్పేవాళ్లంటే నాకు నమ్మకం లేదు.

మొన్న ఒకమ్మాయి, "బాబాయ్ గారూ, బంగాళదుంప ముక్కతో రుద్దితే మెరుస్తుందట కదా?" అంది. వద్దు తల్లీ! ఆ తడి పగుళ్లలోకి దిగుతుంది, పిండి లోపలే మిగిలి బూజుకు మేతవుతుంది. కొబ్బరినూనె కూడా వద్దు.

మన డెల్టాలో అసలు శత్రువు తేమ. వానకు తడిసే బయటి గోడకు తగిలించకండి. ఫ్రేము వెనక కార్కు బిళ్లలు అంటించి గాలి ఆడనివ్వండి. రాత్రంతా ఏసీ, పగలంతా ఉక్క అయితే చెక్క సాగి, ముడుచుకుని రంగు లేస్తుంది. పెచ్చులు కనిపిస్తే టేపు వేయకుండా, బొమ్మ పైకి ఉండేలా పడుకోబెట్టి, చిత్రాలు బాగుచేసే నిపుణులను పిలవండి.