అమ్మమ్మ పుదీనా, అమ్మాయి మింట్

ఈ వేసవిలో బొబ్బిలి వెళ్లినప్పుడు మా అమ్మ చేసిన పుదీనా పచ్చడిని మా అమ్మాయి ఒక్క ముద్దతో ఆపేసి, "అమ్మమ్మా, ఇది మింట్ కాదు, నోరు చల్లబడలేదు" అంది. కాడల నుంచి ఒక్కొక్క ఆకూ దూసి, పచ్చిమిర్చితో నూనెలో మగ్గించి, చింతపండు వేసి రోట్లో నూరిన మా అమ్మ, "చల్లబడ్డానికి ఇదేటి, ఐసుముక్కా తల్లీ?" అంది.

ఆలోచిస్తే ఇద్దరి మాటా నిజమే. మా అమ్మాయిలా ఊరికి దూరంగా పెరిగే పిల్లలకు ఆ రుచి ముందుగా టూత్‌పేస్టులోనో చూయింగ్ గమ్‌లోనో పరిచయమవుతుంది. వాటిలో చాలావాటికి పెప్పర్‌మింట్ నూనెనో, ఆ నూనెలో ఉండి నోటికి చల్లగా అనిపించే మెంథాల్‌ను విడిగానో కలుపుతారు. మన వంటింటి పుదీనా సాధారణంగా స్పియర్‌మింట్ జాతిది. దాని పరిమళం కార్వోన్ అనే పదార్థానిది, మెంథాల్ అందులో నామమాత్రమే. నిజానికి మెంథాల్ కూడా నోటిని చల్లబరచదు. చలిని పసిగట్టే నాడుల్లోని టీఆర్‌పీఎం8 అనే గ్రాహకాన్ని (సంకేతాన్ని అందుకునే ప్రోటీన్‌ను) మేల్కొలిపి, చలి తగిలినట్టు మెదడుకు కబురు పంపిస్తుంది. ఈ గ్రాహకాన్ని 2002లో డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ బృందాలు వేర్వేరుగా గుర్తించాయి. మిరప కారం మంటగా తోచడానికి కారణమైన గ్రాహకాన్ని జూలియస్ బృందం 1997లోనే కనుగొంది. ఆ శాస్త్రవేత్తలిద్దరూ 2021లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు. ఇదంతా బొమ్మ గీసి చెబితే మా అమ్మాయి ఎంతో శ్రద్ధగా విన్నది గానీ, రెండో ముద్ద మాత్రం ముట్టలేదు.

తరచు తినేకొద్దీ కారం మంట కొంత తగ్గినట్టు తోస్తుంది కాబట్టి, మన రుచులను పిల్లలకు కొద్దికొద్దిగా, విడవకుండా అలవాటు చేయాలని తోటి తల్లులకు చెబుతూ ఉంటాను. అయితే వేసవి సెలవుల్లో మాత్రమే చూసే అమ్మమ్మ వంట ఏ విధంగా అలవాటు కాగలదు? పైగా కారానికి కళ్లలో నీళ్లు తిరిగితే వెంటనే పెరుగు కలిపే నేను, పుదీనా దగ్గరకు వచ్చేసరికి మరో ముద్ద తినాల్సిందేనని పట్టుబడతాను. కారం వద్దంటే పసినోరు తట్టుకోలేదని సర్దుకుంటాను, ఈ పచ్చడి వద్దంటే మా అమ్మనే కాదన్నట్టు నొచ్చుకుంటాను.

వచ్చే వేసవికి మిరపకాయలు తగ్గించి, పచ్చికొబ్బరి వేసి నూరుతానని అమ్మ అంటోంది. అప్పుడు మా అమ్మాయి ఇష్టంగా తిన్నా, అది నేను తిని పెరిగిన పచ్చడి అవుతుందా, అవ్వాలని నేను కోరుకోవడం న్యాయమేనా అన్నది మాత్రం తేల్చుకోలేకపోతున్నాను.